చిన్న విమానాల ఇంధనం: నీటి పరీక్షకు చిక్కని కాలుష్యం

పిస్టన్ ఇంజను గల చిన్న విమానాలలో వాడే ఏవ్‌గ్యాస్ అనే పెట్రోలులో నీరు చేరినచో ఇంజను గాలిలోనే ఆగిపోయే ప్రమాదం కలదు. నీరు పెట్రోలు కన్నా బరువైనది కనుక ట్యాంకు అడుగుకు దిగుతుంది. అందువలన పైలట్లు ప్రయాణానికి ముందు ట్యాంకు అడుగు నుండి కొద్ది ఇంధనాన్ని గాజు పాత్రలోకి తీసి పరిశీలిస్తారు. నీలిరంగు ఇంధనం కింద నీరు వేరుగా కనిపిస్తుంది. పాత్ర నిండా నీరే వచ్చినచో ఆ గీత కనిపించదు; కనుక రంగును, వాసనను కూడా గమనించవలసి ఉంటుంది.

అయితే ఆస్ట్రేలియాలో 1999 చివర తయారైన కొంత ఇంధనం ఈ పరీక్షకు చిక్కలేదు. మెల్‌బోర్న్‌లోని ఆల్టోనా చమురుశుద్ధి కర్మాగారంలో ఆమ్లాన్ని అదుపు చేసేందుకు వాడిన ఇథిలీన్ డైఅమైన్ అతి స్వల్పంగా ఇంధనంలో మిగిలిపోయింది. అది ఇంధన వ్యవస్థలోని ఇత్తడి భాగాలతో చర్య జరిపి నల్లని జిగురుగా పేరుకున్నది. ఆనాటి ప్రామాణిక పరీక్షలు సైతం దానిని పసిగట్టలేకపోయాయి. 2000 జనవరిలో ఆ దేశ పౌర విమానయాన భద్రతా సంస్థ ఆదేశాలతో తూర్పు ప్రాంతంలో వేలాది చిన్న విమానాలు నేలపైనే నిలిచిపోయాయి. ఆ రసాయనాన్ని గుర్తించే ప్రత్యేక పరీక్ష రూపొందిన తరువాత, దోషం లేదని తేలినవి, శుభ్రపరచినవి మాత్రమే తిరిగి ఎగిరాయి.