సరిహద్దు సైనికుడు శామ్ హ్యూస్టన్

టెక్సాస్ రాష్ట్రములోని హ్యూస్టన్ నగరము పేరు శ్రోతలకు క్రొత్తది కాదు. ఎన్నో తెలుగు కుటుంబములు నేడు అక్కడ స్థిరపడియున్నవి. 1969లో చంద్రునిపై దిగిన మానవుడు భూమికి పంపిన తొలి వార్తలో పలికిన పేరును అదియే. ఆ పేరుగల మనుష్యుని కథ మాత్రము మనలో ఎరిగినవారు తక్కువ. 1836లో ఇరువురు వ్యాపార సోదరులు ఆ ఊరికి పునాది వేసి, అప్పుడే యుద్ధము గెలిచిన సేనాని పేరు దానికి పెట్టినారు. స్థలములు అమ్ముకొనువారికి అంతకన్న మంచి పేరు ఎక్కడ దొరకును?

శామ్ హ్యూస్టన్ 1793లో వర్జీనియాలో పుట్టినాడు. తండ్రి మరణించిన పిమ్మట తల్లి తొమ్మండుగురు బిడ్డలతో టెన్నెసీ సరిహద్దునకు తరలిపోయినది. అన్నలు ఈతనిని అంగడిలో గుమాస్తాగా నిలిపినారు. ఆ కొలువు గిట్టక, 1809లో పదునారేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, చెరోకీలను ఆదివాసుల నడుమకు పోయినాడు. వారి నాయకుడు ఊలూటెకా ఈతనిని కుమారునిగా స్వీకరించి, మాలకాకి అను అర్థముగల పేరు పెట్టినాడు. మన వాడుకలో అది తిట్టు కావచ్చును గాని, చెరోకీలలో అది యోధుని బిరుదము. దాదాపు మూడేండ్లు ఆ బాలుడు వారి భాష మాటాడుచు, వారి వేషము ధరించుచు పెరిగినాడు.

1813లో సైన్యమున చేరినాడు. మరుసటి యేడు ఆండ్రూ జాక్సన్ నాయకత్వమున క్రీకు తెగవారితో హార్స్‌షూ బెండ్ వద్ద జరిగిన పోరులో తొడలో బాణము దిగినది. దానిని ఊడబెరికించుకొని తిరిగి యుద్ధములో దూకగా, కుడిచేతికి, భుజమునకు తుపాకి గుండ్లు తగిలినవి. ఆ గాయము జీవితాంతము పూర్తిగా మానలేదు. ఈ శౌర్యము వలన జాక్సన్ అభిమానమును పొందినాడు. అయితే ప్రభుత్వము ఆతనికి అప్పగించిన తదుపరి పని ఏమి? 1817లో చెరోకీల వ్యవహారములకు ఉప ప్రతినిధిగా నియమించి, పెంచిన తండ్రియైన ఊలూటెకా జనమునే మిసిసిపీ నదికి పడమటగా సాగనంపుమన్నది. ఆతడు ఆ పని చేసినాడు. వారికి మేలే చేయుచున్నానని నమ్మియుండవచ్చును. కాని స్వగ్రామమును విడిచినవారు వారు, విడిపించినవాడు ఈతడు. ఈ సంగతిని మరువక తక్కిన కథను వినవలెనని మా అభిప్రాయము.

తరువాతి మెట్లు త్వరగా ఎక్కినాడు. న్యాయవాది అయినాడు, 1823లో కాంగ్రెసు సభ్యుడు, 1827లో టెన్నెసీ గవర్నరు. 1829లో వివాహము చేసుకొని, మూడు నెలలు తిరుగకముందే భార్య పుట్టింటికి పోగా, కారణము ఎవరికిని చెప్పక గవర్నరు పదవికి రాజీనామా ఇచ్చి తిరిగి ఊలూటెకా వద్దకు చేరినాడు. అక్కడ ఆతని త్రాగుడు ఎంత ముదిరినదనిన, మాలకాకి పేరు పోయి పెద్ద త్రాగుబోతు అను పేరు మిగిలినది. అయినను చెరోకీలు ఆతనికి తమ పౌరసత్వము నిచ్చినారు.

1832 చివర ఆతడు టెక్సాస్ చేరినాడు. అది అప్పుడు మెక్సికో దేశములోని భాగము. అక్కడి అమెరికా వలసదారులు తిరుగుబాటు చేసి, 1836 మార్చి 2న స్వాతంత్ర్యము ప్రకటించి, ఈతనిని సేనాధిపతిని చేసినారు. నాలుగు దినములకే అలమో కోట పడిపోయినది. హ్యూస్టన్ చేతనున్నది తర్ఫీదు లేని చిన్న దండు. ఆతడు నెలకు పైగా తూర్పునకు వెనుదీసినాడు. ప్రజలు ఇండ్లు విడిచి వానలో పారిపోవుచుండగా, సిపాయిలు తమ సేనానిని పిరికివాడని గొణిగినారు. ఆతడు ఎవరికిని సంజాయిషీ చెప్పలేదు. ఏప్రిల్ 21 మధ్యాహ్నము, శాన్ హసింటో వద్ద మెక్సికో సేన విశ్రమించియుండగా, సుమారు తొమ్మిదివందల మందితో పైబడినాడు. యుద్ధము పదునెనిమిది నిమిషములలో ముగిసినదందురు. చంపుట మాత్రము అంతటితో ఆగలేదు. మెక్సికో పక్షమున ఆరువందల మందికి పైగా హతులైనారు. మరునాడు మామూలు సిపాయి దుస్తులలో పట్టుబడిన ఒక బందీకి తోటి ఖైదీలు వందనము చేయగా, ఆతడే మెక్సికో అధినేత శాంటా అన్నా అని తెలిసిపోయినది. ఉరి తీయుమని సేన పట్టుబట్టినది. మడమ చితికి చెట్టు క్రింద పడియున్న హ్యూస్టన్ ఒప్పుకొనలేదు. ప్రాణముతో ఉన్న శాంటా అన్నా మెక్సికో సేనలను వెనుకకు పిలిపించగలడు. శవమునకు ఆ శక్తి లేదు.

టెక్సాస్ స్వతంత్ర రాజ్యమునకు ఆతడు రెండుమారులు అధ్యక్షుడైనాడు. కాని యుద్ధమునకు ముందు, ఆ ఫిబ్రవరిలో, టెక్సాస్‌లోని చెరోకీలకు వారి భూములు వారివేయని ఆతడు ఒడంబడిక వ్రాసియిచ్చినాడు. దానిని నమ్మి వారు తిరుగుబాటు కాలమున తటస్థముగా ఉండిరి. 1837లో టెక్సాస్ సెనేటు ఆ ఒడంబడికను త్రోసివేసినది. తరువాతి అధ్యక్షుడు లమార్ సేనలను పంపినాడు. 1839 జూలై 16న ఎనుబదియేండ్లు దాటిన చెరోకీ నాయకుడు డువాలి యుద్ధభూమిలో కూలినాడు. హ్యూస్టన్ కానుకగా ఇచ్చిన ఖడ్గము అప్పుడు ఆయన వద్ద ఉండెనని చెప్పుదురు. హ్యూస్టన్ శాసనసభలో ఈ దుర్మార్గమును నిర్భయముగా ఖండించినాడు. భూమి మాత్రము చెరోకీలకు తిరిగి రాలేదు.

టెక్సాస్ అమెరికాలో కలిసిన పిమ్మట పదమూడేండ్లు సెనేటరుగా ఉన్నాడు. ఆతనికిని బానిసలు కలరు. ఐనను బానిసత్వము క్రొత్త ప్రాంతములకు ప్రాకుటకు దారితీసిన 1854 నాటి కాన్సాస్–నెబ్రాస్కా చట్టమును వ్యతిరేకించినాడు. దేశము చీలిపోవునని ఆతని భయము. ఆ వోటు ఆతని సెనేటు స్థానమునకే ఎసరు పెట్టినది. 1859లో ప్రజలు తిరిగి గవర్నరుగా ఎన్నుకొనగా, రెండు రాష్ట్రములకు గవర్నరుగా ఎన్నికైన ఘనత దక్కినది. 1861లో టెక్సాస్ సమాఖ్యనుండి విడిపోయినది. మార్చి 16న క్రొత్త కూటమికి విధేయతా ప్రమాణము చేయుమని పేరు పెట్టి పిలిచినారు. ఆతడు లేవలేదు. పదవి పోయినది. సైన్యమును పంపి నిలబెట్టెదనని లింకన్ కబురు చేయగా, తన ప్రజల నెత్తురు చిందించి గవర్నరుగిరి చేయుటకు ఇష్టపడక దానిని కాదన్నాడు.

పెద్ద కుమారుడు తండ్రి వద్దన్న పక్షముననే సిపాయిగా చేరి, 1862లో షైలో యుద్ధమున గాయపడి ఖైదీగా చిక్కినాడు. ప్రాణముతో ఇల్లు చేరినాడు. యుద్ధము ముగియుటను చూడకయే హ్యూస్టన్ 1863 జూలై 26న హంట్స్‌విల్‌లో ఒక అద్దె ఇంట కన్నుమూసినాడు.