పంట ఋణం వాయిదా – ఫోన్ రీఛార్జి

పల్లెలో ఏ అరుగు మీద నలుగురు కూర్చున్నా నేడు సంభాషణ వానతోనో, ధరలతోనో మొదలై చివరకు సెల్‌ఫోన్ రీఛార్జి దగ్గరకు చేరుకొంటున్నది. ఋణాల పరిశీలన నిమిత్తం గ్రామాలు తిరిగే ఉద్యోగం నాది కనుక ఈ మాటలు తరచుగా నా చెవిన పడుతుంటాయి. ఏ కంపెనీ సిగ్నల్ చేను గట్టున అందుతుంది, ఏ ఫోన్ ఛార్జింగ్ రెండు రోజులు నిలుస్తుంది అనే విషయాలలో ప్రతివారికీ ఒక నిశ్చితాభిప్రాయం కలదు. "మాట్లాడుకోవడానికి ఫోన్ కొంటే, సినిమాకు కూడా డబ్బు కట్టమంటారేం సారూ?" అని ఒక వృద్ధ రైతు నన్ను నిలదీశాడు. ఆయన చేతిలో ఉన్నది బటన్ల ఫోన్. అందులో సినిమా రాదు. అయినా ప్రతిమారూ రోజువారీ డేటాతో కూడిన ప్లానే వేయించుకొంటున్నాడు. దుకాణంలో అదే వేస్తారట.

ఆ పెద్దాయన ప్రశ్న సహేతుకమైనదని నా అభిప్రాయం. నెల అనుకొని మనం వేయించుకొనే ప్లాన్లలో అధిక భాగం 28 రోజులవి. 28ని 13తో హెచ్చిస్తే 364. అనగా సంవత్సరానికి పన్నెండు కాదు, పదమూడుసార్లు రీఛార్జి చేయించవలసి వస్తున్నది. బి.ఎస్సీ. చదివిన నేను కూడా ఈ పదమూడవ రీఛార్జిని చాలాకాలం గమనించలేదని ఒప్పుకొనడానికి సిగ్గుపడను.

మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుండి జ్యోతి బసు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. 2003 వరకు వచ్చే ఫోన్‌కు కూడా మనమే చెల్లించేవారం. తరువాత వచ్చే ఫోన్ ఉచితమైంది. 2016 సెప్టెంబరులో జియో ప్రవేశించిన పిదప డేటా ధర ఒక్కసారిగా పడిపోయింది. ఇంటికి ఒకటిగా ఉన్న సిమ్ మనిషికి రెండు చొప్పున అయింది. అయితే 2018 చివరి నుండి కనీస రీఛార్జి పద్ధతి వచ్చి, ప్లాన్ గడువు ముగిసిన కొన్నాళ్ళకు బయటి నుండి వచ్చే ఫోన్లు సైతం నిలిచిపోసాగాయి. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు ధరలు పెంచాయి. రెండు సిమ్‌లు పోషించడం భారమైన కుటుంబాలలో ఒకటి మూలపడింది.

మూలపడిన ఆ సిమ్ నంబరే బ్యాంకులో వ్రాయించినది అయితే ఏమవుతుందో మా శాఖ పరిధిలో జరిగిన ఒక సంఘటన వలన మీకు తెలియగలదు.

మూడెకరాల మెట్ట భూమిలో కంది, వేరుశనగ వేసే ఒక రైతు కిసాన్ క్రెడిట్ కార్డుపై లక్ష రూపాయల పంట ఋణం తీసుకొన్నాడు. పాఠకులలో అనేకులకు తెలిసినట్లు, ఈ ఋణంపై వడ్డీ 7 శాతం. గడువులోగా చెల్లించినవారికి కేంద్ర ప్రభుత్వం 3 శాతం ప్రోత్సాహకం ఇస్తుంది గనుక చివరకు పడేది 4 శాతమే. లక్ష రూపాయలకు సంవత్సరానికి ఈ తేడా 3,000 రూపాయలు. గడువు సమీపిస్తున్నదని శాఖ నుండి సందేశాలు వెళ్ళాయి. కాని అవి వెళ్ళిన నంబరు ఆయన అంతకు ముందే రీఛార్జి మానుకొన్న పాతది. కందులు అమ్మిన డబ్బు ఇంట్లోనే ఉన్నది. ఆయన శాఖకు వచ్చేసరికి గడువు దాటి పదకొండు రోజులైంది. "డబ్బు లేక కట్టనివాడికీ, ఉండీ తెలియక కట్టనివాడికీ ఒకటే లెక్కా సారూ?" అని అడిగాడు. నిబంధన ప్రకారం ఒకటే లెక్క. ఆ సీజనులో ఆయన చేనుకు నేను రెండుసార్లు వెళ్ళాను. పైరు ఎలా ఉన్నదని అడిగాను, బోరులో నీరు అడిగాను. ఫోన్ నంబరు మారిందా అని మాత్రం అడగలేదు. నేడు నా పరిశీలన పుస్తకంలో మొదటి ప్రశ్న అదే.

నష్టం ఇంతటితో ఆగకపోవచ్చు. వాడకం లేకుండా 90 రోజులు గడిస్తే ప్రీపెయిడ్ నంబరును కంపెనీ రద్దు చేయవచ్చు. అటుపైన మరో 90 రోజులు గడిచాక దానిని వేరొకరికి కేటాయించవచ్చు. అప్పుడు మీ ఖాతా సందేశాలు, ఒక్కొక్కప్పుడు ఓటీపీలు కూడా, ఎవరో అపరిచితుని ఫోన్‌కు చేరతాయి. ఇటువంటి నంబర్ల జాబితాను వారానికొకసారి సరిచూసుకోవాలని యూపీఐ విషయంలో 2025 ఏప్రిల్ 1 నుండి బ్యాంకులకు నియమం ఉన్నది. అయినప్పటికీ మీ నంబరు మారినదని ముందుగా తెలిసేది మీకే.

మరొక సంగతి. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, బ్యాంకు తప్పుగాని ఖాతాదారుని తప్పుగాని లేకుండా మూడవ పక్షం మోసం వలన సొమ్ము పోయినపుడు, బ్యాంకు సందేశం అందిన మూడు పనిదినాలలోగా తెలియజేస్తే ఖాతాదారునికి నష్టం ఉండదు. రోజులు గడిచేకొద్దీ ఈ రక్షణ తగ్గిపోతుంది. మీరే ఓటీపీ చెప్పివేస్తే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం మీదే. సందేశమే చూడనివాడు మూడు రోజులలో ఎట్లా ఫిర్యాదు చేయగలడు?

ఇక దుకాణంలో ఏమి అడగాలన్న విషయం. 30 రోజుల ప్లాను, ప్రతినెలా అదే తేదీకి వచ్చే ప్లాను ఒక్కొక్కటైనా ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలోనే ఆదేశించింది. డేటా లేకుండా మాటలకు, సందేశాలకు మాత్రమే పనికివచ్చే ప్లాను ఒకటైనా ప్రతి కంపెనీ ఉంచాలని 2024 డిసెంబరులో నిర్దేశించి, అటువంటి ప్రత్యేక ప్లాన్ల గడువును 90 రోజుల నుండి 365 రోజుల వరకు పెంచుకొనడానికి అనుమతించింది. 2025 జనవరి నుండి ఇవి లభిస్తున్నాయి. ధరలు తరచుగా మారుతుంటాయి కనుక ఇక్కడ వ్రాయడం లేదు. బటన్ల ఫోన్ ఉన్నవారు "డేటా లేనిది, మాటలది వేయి" అని నోరు తెరచి అడగాలి. అడగనిదే చెప్పే దుకాణదారు నాకింకా తారసపడలేదు. పంట డబ్బు చేతికి వచ్చినపుడే ఏడాదికి సరిపడా వేయించుకొంటే నడిమధ్యలో చేతిలో డబ్బు లేక సిమ్ ఆగిపోయే బెడద తప్పుతుంది. ఏడాదికి డబ్బు ఒకేసారి పెట్టలేనివారు బ్యాంకులో ఉన్న నంబరునైనా బ్రతికించుకొని రెండవదానిని వదులుకోవచ్చు.

డ్వాక్రా సంఘాల సమావేశాలలో నాకు కనబడే చిక్కు వేరు. ఇంటికి ఒకే ఫోన్, అది భర్త జేబులో. ఆమె పొదుపు ఖాతాకు ఆయన నంబరే. డబ్బు పడిన సందేశం ఆయన చూస్తాడు, చెబితే ఆమెకు తెలుస్తుంది. "నా డబ్బు పడ్డ కబురు ఊరంతా తెలిసినాక నాకు తెలుస్తుంది" అని ఒక సభ్యురాలు నవ్వుతూనే అన్నది. ఆమె తరువాత చిన్న ఫోన్ ఒకటి కొనుక్కొని, ఆ నంబరును ఖాతాకు వ్రాయించుకొన్నది. ఇంట్లో కొన్నాళ్ళు మాటామాటా నడిచిందట. అది నేను వ్రాయదగిన విషయం కాదు.

టచ్ ఫోన్ లేనిదే బ్యాంకు పని జరగదనే భావన కూడా సరికాదు. ఖాతాకు జతపరచిన నంబరు గల బటన్ల ఫోన్ నుండి *99# నొక్కి నిలువ చూసుకోవచ్చు, డబ్బు పంపవచ్చు. ఈ పద్ధతి దేశమంతటా 2014లో ప్రారంభమైంది. 2022 నుండి దీనికి ఫోన్ కంపెనీ రుసుము లేదు. అదే సంవత్సరం మార్చిలో బటన్ల ఫోన్లకై యూపీఐ 123పే వచ్చింది. ఎవరైనా మోసగించినపుడు వెంటనే చెప్పుకొనవలసిన నంబరు 1930.

పదకొండు రోజులు ఆలస్యమైన ఆ రైతు ఇటీవల మా శాఖకు వచ్చాడు. కొత్త నంబరుకు దరఖాస్తు పూర్తి చేసి, ఆధార్ నకలు జతపరచి, సందేశం వచ్చేదాకా బల్ల మీదనే కూర్చున్నాడు. వచ్చిన తరువాత నా చేత రెండుసార్లు చదివించుకొని, పాసుపుస్తకం అట్టలోపల బాల్‌పెన్నుతో ఆ నంబరునూ, దాని క్రింద రీఛార్జి ముగిసే తేదీనీ వ్రాసుకొన్నాడు. ఆ తేదీ ఋణం గడువు తేదీకి నెల తరువాత పడేటట్లు చూసుకొన్నాడు.