బండిని ఎత్తు చేయుట, పెద్ద టైర్లు వేయుట

మన నగరి ప్రాంతపు నేల ఒక్క తీరున నుండునది కాదు. ఊరి చెంతనున్న కుశస్థలి యేరు సంవత్సరములో పెక్కు మాసములు వట్టి యిసుక. వానలు పడినపుడు చెరువు లోపలి భూమి మోకాలిలోతు బురద. నగరి కొండల పాదములందలి మామిడితోపులకు పోవు బాటలు గుండ్రాళ్లతో నిండియుండును. అందుచేత నాలుగు చక్రములకును ఇంజను శక్తి నందించు బండ్లు, అనగా పాత మహీంద్రా జీపులు, మారుతీ జిప్సీలు, 2020లో వెలువడిన క్రొత్త థార్, 2023లో వచ్చిన జిమ్నీ మొదలగునవి, తోపులు గలవారి యిండ్ల ముందర కానవచ్చుచున్నవి. వీనిని కొన్నవారిలో పలువురు ఏడాది తిరుగకమునుపే బండిని ఇంకను పైకెత్తించి పెద్ద టైర్లు వేయింపగోరుదురు. వేలతో మొదలై లక్ష రూపాయలు దాటగల వ్యయమిది. అంతకంటె ముఖ్యముగా, ఆ బండిలో కూర్చుండువారు మన బిడ్డలే. కావున ఈ పనివలన నిజముగా కలుగు లాభమేదియో, నష్టమేదియో వివరింప దలచితిమి.

మొదట ఒక పొరపాటు తలంపును తొలగింపవలెను. కమాను కట్టలనైనను చుట్టు స్ప్రింగులనైనను మార్చి బండిని నాలుగంగుళములు ఎత్తినచో అడుగుభాగమంతయు నాలుగంగుళములు లేచునని యనుకొందురు. అట్లు కాదు. జిప్సీ, జిమ్నీ వంటి బండ్లలో ముందును వెనుకను గట్టి యిరుసులు గలవు. ఆ యిరుసు నడుమ కుండవలె ఉబ్బియుండు డిఫరెన్షియల్ పెట్టెయే నేలకు మిక్కిలి దగ్గరగా నుండు భాగము. స్ప్రింగు ఇరుసుకు పైననున్న బాడీని ఎత్తునుగాని ఇరుసును ఎత్తజాలదు. ఇరుసును ఎత్తగలది టైరు ఒక్కటే. అదియు టైరు వ్యాసము పెరిగినంత కాక, అందు సగము మాత్రమే. 28 అంగుళముల టైరు తీసి 31 అంగుళములది వేసినచో ఇరుసు ఒకటిన్నర అంగుళము లేచును. అంతే.

మరి స్ప్రింగులు ఎత్తుట దేనికి? ప్రధానముగా పెద్ద టైరు తిరుగుటకు చోటు కల్పించుటకు. గట్టునెక్కునపుడు ముందుభాగము తగులకుండుట, గట్టుమీద నడుము ఆనకుండుట అనునవి తరువాతి లాభములు. కావున టైరును ముందు నిర్ణయించుకొని, ఆ టైరు రాయకుండ తిరుగుటకు ఎంత చాలునో అంత మాత్రమే ఎత్తవలెనని మా అభిప్రాయము. చాలమంది దీనిని తలక్రిందులుగా చేయుచున్నారు.

టైరు ప్రక్కనుండు అంకెలను మన విద్యార్థులు లెక్కగా చేసి చూడవచ్చును. జిమ్నీ టైరుపై 195/80 ఆర్ 15 అని యుండును. 195 అనునది మిల్లీమీటర్లలో వెడల్పు. 80 అనగా టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎనుబది, అనగా 156 మిల్లీమీటర్లు. 15 అనునది అంగుళములలో రిమ్ము వ్యాసము, అనగా 381 మిల్లీమీటర్లు. గోడ పైనను క్రిందను గలదు గనుక 381కి రెండు మార్లు 156 కూడగా 693 వచ్చును. దీనికి బదులు 215/75 ఆర్ 15 వేసినచో వ్యాసము 703.5 అగును. అంత ధనము పోసినను ఇరుసు లేచునది అయిదు మిల్లీమీటర్లకు కొంచెము ఎక్కువ! వెడల్పు, అచ్చు మారుటవలన పట్టు పెరుగవచ్చును. ఎత్తు మాత్రము పెరిగినట్లు కాదు. థార్ పైతరగతి బండికి 255/65 ఆర్ 18 టైర్లు తయారుచేసినవారే యిచ్చిరి. దాని వ్యాసము ఇంచుమించు 31 అంగుళములు. మన బాటలకు ఇంతకంటె పెద్దది ఏల కావలెనో మాకు బోధపడదు.

పెద్ద టైరు ఉచితముగా ఏమియు నీయదు. 28కి బదులు 31 వేసినపుడు ఇంజను నేలపై చూపు లాగుడుబలము ఇంచుమించు పదవవంతు తగ్గును. బ్రేకు పట్టు కూడ అంతే. చక్రమొకసారి తిరిగినపుడు బండి పోవు దూరము పెరుగుటచే వేగమాపకము 60 చూపునపుడు బండి నిజముగా 66 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును.

ఇంతకంటె పెద్దది తూకపు సంగతి. గడ్డి ఎత్తుగా వేసిన బండి గట్టు మలుపులో ఎట్లు ఒరుగునో పల్లెవారికి చెప్పనక్కరలేదు. ఒక జీపు చక్రముల నడుమ ఎడము 52 అంగుళములనియు, గరిమనాభి 26 అంగుళముల ఎత్తున నున్నదనియు అనుకొందము. కదలక నిలిచియున్నపుడు అది 45 డిగ్రీల వాలువరకు ఒరగక నిలుచును. ఎత్తించి పెద్ద టైర్లు వేయగా గరిమనాభి 31 అంగుళములకు చేరినచో 40 డిగ్రీలకే పడిపోవును. పరుగులో మలుపు తిరుగునపుడు స్ప్రింగులు ఒరుగుటచే ఇంకను ముందుగనే ప్రమాదము వచ్చును. 1944లో తెరవబడిన తిరుమల మొదటి ఘాటు రోడ్డు ఇప్పుడు దిగు దారి. కుటుంబముతో ఆ మలుపులు దిగువారు ఈ అయిదు డిగ్రీలను మరువరాదు.

ఎత్తు విధానములలో షాకిళ్లు పొడిగించుట చవుక. రెండంగుళములు పొడిగించిన ఒక అంగుళము ఎత్తు వచ్చును. కాని ఇరుసు కొంచెము తిరిగిపోయి స్టీరింగు నిలుకడ చెడవచ్చును. స్ప్రింగుల క్రింద దిమ్మెలు పెట్టుట కూడ చవుకయే. స్ప్రింగు గుణము మారదు. తగిన పొడవుగల షాక్ అబ్సార్బర్లతో కూడ స్ప్రింగులనే మార్చుట ఉత్తమము. ఎట్లు చేసినను బ్రేకు గొట్టములు చక్రము పూర్తిగా వ్రేలాడునపుడు బిగుసుకొనకుండునా యని చూడవలెను. 2020 థార్‌లో ముందు చక్రములు దేనికది విడిగా కదలును గనుక, మితిమీరి ఎత్తినచో వానికి శక్తినిచ్చు షాఫ్టుల కీళ్లు ఎక్కువ వంగి త్వరగా అరిగిపోవును. ఏ బండికైనను రెండంగుళములు దాటుట మేము ఒప్పుకొనము.

చట్టము మాట. తయారుచేసినవారు పేర్కొనిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను చెప్పుచున్నది. కేరళనుండి వచ్చిన వ్యాజ్యములో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని దృఢపరచెను. ప్రమాదము జరిగినపుడు బీమావారు ఈ మార్పును చూపి పేచీ పెట్టవచ్చును. తయారీదారులు అంగీకరించిన కొలతలోని టైరుకు ఈ చిక్కు లేదు. ఎత్తించగోరువారు సొమ్ము చెల్లించకమునుపే రవాణా కార్యాలయమున విచారించుట మేలు. ఎంత ఎత్తు బండియైనను శేషాచల అడవులలోనికి అనుమతి లేక పోరాదని కూడ ఇక్కడనే చెప్పివేయుదుము.

ఏమియు కొనకమునుపు చేసి చూడదగిన పని యొకటి గలదు. ఇసుకలో దిగునపుడు టైరు గాలిని చదరపు అంగుళమునకు 30 పౌనులనుండి 18 వరకు తగ్గింపుడు. టైరు నేలపై పొడుగుగా పరచుకొని, కూరుకొనిపోయిన బండియే మెల్లగా బయటికి నడచును. తిరిగి తారురోడ్డు చేరగనే గాలి నింపవలెను. లేనిచో టైరు వేడెక్కి పగులును. ఇందుకు కావలసినది చిన్న గాలిపంపు, ఒక మాపకము. కుశస్థలి యిసుకను దాటుటకు పెక్కురకు ఇదియే చాలును. బురదకు మాత్రము అచ్చు ముఖ్యము. లోతులేని బురదలో సన్నని టైరు క్రింది గట్టినేలను అందుకొనును, వెడల్పైనది పైన తేలి జారును. లోతైన అచ్చుగల బురదటైర్లు తారురోడ్డుపై హోరుమని మ్రోగుటయు, వానలో జారుటయు గలదు. మనవారి ప్రయాణములో అధికభాగము తారుపైననే గనుక రెంటికిని పనికివచ్చు నడిమితరగతి టైరు చాలును. అయిదవ చక్రము కూడ అదే కొలతదై యుండవలెను.

పని ముగిసినపిదప కొన్ని వందల కిలోమీటర్లు నడచినంతనే యూ బోల్టులన్నిటిని మరల బిగింపవలెను. స్టీరింగును రెండు కొసలకు త్రిప్పియు, ఒక చక్రమును దిమ్మెపై ఎక్కించియు టైరు ఎక్కడైన రాయుచున్నదేమో చూడవలెను. కడపట ముందు దీపములు. బండి లేచినపుడు వెలుగు కూడ పైకి లేచి ఎదుటివారి కన్నులలో పడును. చీకటిలో బండిని గోడకు 25 అడుగుల దూరమున నిలిపి, వెలుగు దీపముల యెత్తుకంటె కొంచెము దిగువగా పడునట్లు మరలను త్రిప్పవలెను.