బూమ్ బాగుంటేనే.. బోటు భద్రం!

బసవకళ్యాణ్: పనిమీద హైదరాబాద్ వెళ్లే బసవకళ్యాణ్ వాసులు హుస్సేన్‌సాగర్ గట్టున కాసేపు ఆగక మానరు. 1956 దాకా బీదర్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. ఆ రాకపోకలు నేటికీ తగ్గలేదు. వానాకాలంలో వెళ్తే నీటిపై తెరచాపలు బారులు తీరి కనిపిస్తాయి. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీలకు ఆ గాలులే ఆధారం. గట్టున ఉన్నోళ్లకు అది సరదా. పడవలో ఉన్నోళ్లకు మాత్రం తలపైనే ఓ దూలం తిరుగుతుంటుంది. అదే బూమ్. పెద్ద తెరచాప అడుగు అంచును పట్టి ఉంచేది ఇదే.

రంగు చూసి మోసపోవద్దు
నీలిరంగు తెరచాపల ఎంటర్‌ప్రైజ్ పడవను బ్రిటన్‌లో జాక్ హోల్ట్ 1956లోనే రూపొందించారు. పొడవు సుమారు 4 మీటర్లు. ఇద్దరు నడపొచ్చు. మన దేశంలోని క్లబ్బులకూ ఇది చేరింది. ఇలాంటి పాత పడవలకు పైన రంగు వేస్తే కొత్తవాటిలా మెరుస్తాయి. అసలు సంగతి తాళ్ల దగ్గర, కీళ్ల దగ్గర ఉంటుంది.

బూమ్‌ను స్తంభానికి కలిపే కీలును గూస్‌నెక్ అంటారు. అల్యూమినియం బూమ్‌పై స్టీలు బిగింపులుంటే ఆ రెండూ కలిసేచోట తుప్పు తినేస్తుంది. రివెట్లు కదులుతున్నాయేమో చేత్తో ఊపి చూడాలి. ఎండకు పెళుసెక్కిన తాళ్లను మార్చేయాలి. కప్పీలు తిరక్కపోతే మంచినీళ్లతో కడగాలి.

ఏ తాడు ఏం చేస్తుంది?
* హాల్‌యార్డ్: చాపను పైకి లాగేది. స్తంభం పక్కన అడ్డ ముడతలు పడితే ఇది వదులైనట్లే.
* ఔట్‌హాల్: చాప మూలను బూమ్ చివరకు లాగేది. గాలి తక్కువుంటే కాస్త వదలాలి, చాపకు పొట్ట వస్తుంది. ఈదురుగాలికి బిగించాలి.
* కిక్కింగ్ స్ట్రాప్: బూమ్ పైకి లేవకుండా ఆపేది. చాలామంది మరిచేది దీన్నే.
* మెయిన్‌షీట్: షీట్ అంటే చాప అనుకుంటారు. కాదు, బూమ్‌ను లోపలికీ బయటికీ నడిపే తాడు ఇది. కప్పీలోంచి జారిపోకుండా చివర ముడి వేయాలి.

ముందు గట్టు మీదే..
పడవ ముక్కును గాలికి ఎదురుగా నిలిపి, మెయిన్‌షీట్‌ను వదులుగా ఉంచాకే చాప ఎత్తాలి. లేదంటే గాలి నిండి పడవ అక్కడే బోల్తా కొడుతుంది. నీళ్లలోకి దించకముందే ఒకటికి రెండుసార్లు ఎత్తి దించి చూసుకుంటే లోపాలన్నీ బయటపడతాయి.

అసలు ప్రమాదం వెనక గాలితోనే. మలుపులో చాప ఒక్కసారిగా అటునుంచి ఇటు తిరుగుతుంది. దాంతోపాటే బూమ్ విసురుగా వచ్చి తలకు తగులుతుంది. స్పృహ తప్పి నీళ్లలో పడితే ఈత వచ్చినా ఫలితం ఉండదు. అందుకే తిప్పేముందు తోటివారిని కేకేసి హెచ్చరించాలి. తల వంచాలి. లైఫ్‌జాకెట్ లేకుండా పడవ ఎక్కనే వద్దు.