43 అడుగుల దగ్గర ఒక గుర్తు

మాది దుమ్ముగూడెం. గోదావరి పొంగిందంటే మా ఊళ్ళో అందరి నోటా ఒకటే ప్రశ్న: "భద్రాచలం దగ్గర ఎన్నడుగులుంది?" 43కి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 దాకా వెళ్ళింది.

బేసిక్ భాష నేర్చుకునే రోజుల్లో ఈ లెక్కనే ప్రోగ్రాముగా రాశాను. 1964లో డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ అనే ఆచార్యులు కొత్తవాళ్ళ కోసమే చేసిన భాష అది. లెక్కల పుస్తకంలో లాగా,

43 <= మట్టం < 48

అయితే "మొదటి హెచ్చరిక" అనమన్నాను. 45 ఇస్తే సరిగ్గానే చెప్పింది. 60 ఇచ్చాను, మళ్ళీ మొదటి హెచ్చరికే! 20 ఇచ్చినా అదే పాట!

తప్పు యంత్రానిది కాదు. <=, < వంటి గుర్తులను ఆపరేటర్లంటారు. ఇవి ఎడమనుంచి ఒక్కొక్కటిగా పనిచేస్తాయి. 43 <= 60 నిజమని తేలగానే దాని స్థానంలో ఒక అంకె మిగులుతుంది. మా బేసిక్‌లో నిజమంటే -1, అబద్ధమంటే 0. తరువాత 48తో పోల్చేది ఆ అంకెనే, మట్టాన్ని కాదు. -1 అయినా 0 అయినా 48 కంటే తక్కువే గదా!

అందుకని పోలికలు రెండూ విడివిడిగా రాసి 'అండ్'తో కలపాలి:

మట్టం >= 43 అండ్ మట్టం < 48

పోలికలు ముందు జరుగుతాయి, అండ్ తరువాత. 1991లో వచ్చిన పైథాన్‌లో మాత్రం లెక్కల పుస్తకం రాతే చెల్లుతుంది.

అన్నట్టు, >= బదులు ఉత్త > పెట్టారనుకోండి, సరిగ్గా 43 దగ్గర యంత్రం నోరు మెదపదు. మా వాళ్ళు సామాను సర్దుకోవలసింది అప్పుడే.