పూర్తి మత్తులో కవలల అత్యవసర సిజేరియన్

కవలలను మోస్తున్న గర్భిణికి గానీ, కడుపులోని శిశువులకు గానీ హఠాత్తుగా ప్రాణాపాయము ఏర్పడినపుడు, తల్లికి స్పృహ లేకుండా మత్తు ఇచ్చి, గర్భాశయమును కోసి ఇద్దరు బిడ్డలను వెలికితీయుటను పూర్తి మత్తులో అత్యవసర సిజేరియన్ అంటారు. తెలుగునాట సిజేరియన్‌కు వాడుక పేరు పెద్దాపరేషన్. నేడు అధిక భాగము సిజేరియన్లు వెన్నుకు మత్తు ఇచ్చి, తల్లి మెలకువగా ఉండగానే జరుగుతున్నాయి. నిమిషములు లెక్కపెట్టవలసి వచ్చినపుడే ముఖ్యంగా పూర్తి మత్తు అవసరమవుతుంది.

కవల కాన్పులోని చిక్కు

సహజంగా సుమారు 80 నుండి 90 కాన్పులలో ఒకటి కవల కాన్పు. జంట అరటిపండు తింటే కవలలు పుడతారనే నమ్మకమునకు ఆధారము లేదు. తల్లి వైపు వంశము, తల్లి వయసు, సంతాన సాఫల్య చికిత్సలు అసలు కారణాలలో కొన్ని.

కవలలైనంత మాత్రాన ఆపరేషన్ తప్పనిసరి కాదు. మొదటి బిడ్డ తల క్రిందికి ఉన్న సుమారు 2800 మంది గర్భిణులపై అనేక దేశాలలో జరిగి, 2013లో వెలువడిన అధ్యయనములో, ముందే నిర్ణయించిన సిజేరియన్ వలన శిశువులకు అదనపు మేలు కనబడలేదు. అయితే సహజ కాన్పుకు సిద్ధమైనవారిలో కూడా సుమారు 44 శాతము మందికి చివరకు సిజేరియన్ జరిగింది.

చిక్కు ఎక్కువగా రెండవ బిడ్డతోనే. మొదటి బిడ్డ బయటకు రాగానే లోపల చోటు పెరిగి రెండవ బిడ్డ అడ్డము తిరగవచ్చు. ఉమ్మనీటి సంచి పగిలి బొడ్డుతాడు బిడ్డకంటే ముందే జారి నలిగిపోవచ్చు, లేదా మాయ ముందుగానే విడిపోవచ్చు. ఇటువంటపుడు ఒక బిడ్డ సహజంగా, మరొక బిడ్డ ఆపరేషన్‌తో పుట్టుట కూడా కలదు.

మత్తు ఇచ్చే విధానము

వెన్నులో సూది వేసి మత్తు ఎక్కేవరకు ఆగే వ్యవధి లేనపుడు, ఆ మత్తు సరిగా పనిచేయనపుడు, లేక తల్లికి రక్తము గడ్డకట్టే గుణము తగ్గినపుడు పూర్తి మత్తును ఎంచుకొంటారు.

గర్భిణికి పూర్తి మత్తు ఇచ్చుట ఇతరులకు ఇచ్చినంత సులభము కాదు. ఆమె శరీరము ఎక్కువ ప్రాణవాయువును వాడుకొంటుంది, కానీ ఎత్తుగా పెరిగిన గర్భము వలన ఊపిరితిత్తులలోని నిల్వ తక్కువ. కవల గర్భములో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. పొట్టలోని ఆమ్లము స్పృహ లేని తల్లి ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాంతకము. ఈ ప్రమాదమును 1946లో అమెరికా వైద్యుడు మెండెల్సన్ వివరించాడు. అందుచేత ముందుగా ఆమ్లమును తగ్గించే మందు త్రాగిస్తారు. పెద్ద రక్తనాళములపై బరువు పడకుండా తల్లిని కొద్దిగా ఎడమకు వాలుస్తారు. ముఖానికి మాస్కు పెట్టి ప్రాణవాయువు పీల్పిస్తారు. పొట్టను శుభ్రపరచి, గుడ్డలు కప్పి, వైద్యురాలు కత్తి చేతబట్టి సిద్ధమైన తరువాతనే మత్తు ఎక్కిస్తారు. థయోపెంటోన్ లేదా ప్రొపోఫాల్, దాని వెంటనే కండరాలను సడలించే సక్సమిథోనియం ఇచ్చి, గొంతులో గొట్టము అమర్చుట ఒకటి రెండు నిమిషాలలో ముగుస్తుంది.

ఇంత తొందరకు కారణమున్నది. మత్తుమందు మాయ ద్వారా బిడ్డలకు కూడా చేరుతుంది. రెండవ బిడ్డ మరికొంత సేపు ఆ మత్తులోనే ఉంటుంది కనుక మందకొడిగా పుట్టే అవకాశము ఎక్కువ. అందువలన ఇద్దరికీ వేర్వేరుగా శిశు వైద్యులు, వేర్వేరు బల్లలు సిద్ధముగా ఉండాలి. పుట్టగానే బిడ్డ స్థితిని కొలిచే ఆప్‌గార్ పట్టికను 1953లో ప్రచురించిన వర్జీనియా ఆప్‌గార్ స్వయంగా మత్తు వైద్యురాలు కావడము గమనార్హము.

బిడ్డలు బయటపడిన తరువాత అసలు భయము రక్తస్రావము. ఇద్దరిని మోసి సాగిన గర్భాశయము వెంటనే ముడుచుకోదు. పీల్చే మత్తు దానిని ఇంకా సడలిస్తుంది. కనుక ఆక్సిటోసిన్ ఇచ్చి, మత్తు మోతాదు తగ్గించి, రక్తమును అందుబాటులో ఉంచుతారు.

చరిత్ర

కాన్పులో ఈథర్ మత్తును 1847 జనవరిలో ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ వాడాడు. అదే సంవత్సరము నవంబరులో క్లోరోఫాంను ప్రవేశపెట్టాడు. క్లోరోఫాం చర్చలో హైదరాబాదుకు ప్రత్యేక స్థానమున్నది. ఎడ్వర్డ్ లారీ నేతృత్వములో, నిజాం ప్రభుత్వ ప్రోత్సాహముతో 1888, 1889లలో రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. శ్వాసను గమనిస్తే చాలును, గుండెకు నేరుగా ముప్పు లేదని అవి తేల్చాయి. ఆ నిర్ణయము తప్పని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు చూపాయి. ఆ కాలములోనే హైదరాబాదులో క్లోరోఫాం ఇచ్చిన డా. రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరు.

మెలకువ తరువాత

తల్లి తన బిడ్డల తొలి ఏడుపు వినదు. ముందు ఎవరు పుట్టారో ఇతరులు చెప్పవలసినదే. అందుకే పుట్టిన వెంటనే చేతికి కట్టే పట్టీపై మొదటి, రెండవ బిడ్డ అని, పుట్టిన సమయమును వ్రాస్తారు. ఆపరేషన్ మధ్య కొంత స్పృహ కలగడము అరుదైనా లేకపోలేదు. 2014లో వెలువడిన బ్రిటన్ పరిశీలన ప్రకారము సిజేరియన్‌కు పూర్తి మత్తు పొందిన సుమారు 670 మందిలో ఒకరు అట్టి అనుభవమును చెప్పారు. అట్టివారి మాటను కలగా కొట్టివేయరాదు.

కొందరు తల్లులకు ఆ ఖాళీ సమయము చాలాకాలము బాధ కలిగిస్తుంది. ఏ క్షణాన ఏమి జరిగిందో వైద్యులు, చూసినవారు వరుసగా చెప్పుట వారికి మేలు చేస్తుంది. బిడ్డలు ఆరోగ్యముగా ఉంటే, తల్లి తెలివిగా మాట్లాడగలిగిన వెంటనే వారిని ఆమె ఎదపై పడుకోబెట్టి పాలు పట్టించవచ్చును. నెలలు నిండని బిడ్డలు ప్రత్యేక విభాగములో ఉంటే, పిండిన పాలను అక్కడికే పంపుతారు.