అంగిలి ప్లేటుకు ఫంగస్ అంటకుండా

పళ్లకు క్లిప్పులు తీసేశాక డాక్టరు ఒక ప్లేటు ఇస్తారు. అంగిలికి ఆనుకుని ఉండే ప్లాస్టిక్ ముక్క, ముందు పళ్లను పట్టి ఉంచే తీగ, అంతే. వికారాబాద్‌లోని శ్రీ సాయి దంత వైద్య కళాశాలలో తీసుకున్నా, తాండూరులో ఏ క్లినిక్‌లో తీసుకున్నా తయారీ దాదాపు ఒకటే. అక్రిలిక్ పొడిలో ద్రవం కలిపి, నోటి అచ్చు మీద పరిచి గట్టిపడనిస్తారు.

కొన్నాళ్లకు కొందరికి ప్లేటు కింద అంగిలి ఎర్రబడుతుంది. దానికి తరచూ కారణం కాండిడా ఆల్బికాన్స్ అనే ఫంగస్. అదేమీ కొత్తగా వచ్చిపడింది కాదు. చాలామంది నోళ్లలో హాని చేయకుండా ఉండేదే. ప్లేటు దానికి చోటిస్తుంది.

మెరుగుపెట్టిన తాండూరు నాపరాయి మీద పసుపు ఒలికితే తుడిస్తే పోతుంది, గరుకు బండ మీదైతే పట్టేస్తుంది. ప్లేటు సంగతీ అంతే. నాలుక తగిలే వైపు బాగా నునుపు చేస్తారు. అంగిలి వైపు మాత్రం చేయరు, అరగదీస్తే ప్లేటు వదులవుతుంది. లాలాజలం సరిగా చేరనిదీ, గాలి ఆడనిదీ కూడా ఆ వైపే. గరుకుదనం సగటున 0.2 మైక్రాన్లు దాటితే క్రిములు ఎక్కువగా పేరుకుంటాయని దంత పరిశోధకుల లెక్క. అక్రిలిక్ గట్టిపడేటప్పుడు మిగిలిపోయే గాలి బుడగలు ఇంకాస్త సాయం చేస్తాయి.

అందుకే అక్రిలిక్‌నే మార్చే ప్రయత్నాలు జరుగుతున్నాయి. పొడిలో వెండి, జింక్ ఆక్సైడ్ నానో రేణువులు కలపడం ఒక దారి. ల్యాబులో ఫంగస్ తగ్గుతుంది. కానీ వెండి రంగు మారుస్తుంది, మోతాదు ఎక్కువైతే రేణువులు ముద్దకట్టి ప్లేటు పెళుసవుతుంది. క్వాటర్నరీ అమ్మోనియం సమ్మేళనాలది మరో పద్ధతి. అవి అక్రిలిక్ గొలుసులోనే అతుక్కుని ఉంటాయి, నోట్లోకి కారవు. వాటి ధనావేశం తగిలిన కణం పొరను చీలుస్తుంది. అయితే లాలాజలంలోని ప్రొటీన్లు, చచ్చిన కణాలు పైన పొరలా పేరుకుంటే ఆ పట్టు సడలుతుంది.

నాకు నచ్చేది మూడోది, ఫాస్ఫోరిల్‌కోలిన్ పాలిమర్ పూత. మన కణాల పొరను పోలిన ఆ పూత సన్నటి నీటి పొరను పట్టి ఉంచుతుంది, ప్రొటీన్లను, ఫంగస్‌ను అంటనివ్వదు. నోట్లో మామూలుగా ఉండేదాన్ని చంపడం కన్నా దానికి కాలు మోపే చోటు లేకుండా చేయడమే మేలనిపిస్తుంది. చిక్కల్లా మన్నికతోనే. రెండు రోజుల ల్యాబు పరీక్షలో నిలిచిన పూత, ఏడాదిపాటు రోజూ బ్రష్ రాపిడికి నిలవాలి కదా!

ప్రస్తుతానికి మన చేతిలో ఉన్నవి మెత్తటి బ్రష్, చల్లటి సబ్బు నీళ్లు. అంగిలి వైపే ముందు తోమాలి. టూత్‌పేస్ట్ వద్దు, గీతలు పడతాయి. వేడినీళ్లయితే ప్లేటు వంగిపోతుంది.